తవిన్ ఇంకా చూస్తూనే ఉన్నాడు

అయినా ఆకు అడుగున అంతసేపు చూడటానికి ఏముంటుంది, పైన ఉన్న పచ్చే కిందా ఉంటుంది, కానీ తవిన్ చూస్తాడు, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, ఆర్కిడ్ బుట్టని ముక్కుదాకా ఎత్తి, అటు తిప్పి ఇటు తిప్పి, వేలాడే వేళ్ళని గోటితో మెల్లిగా నొక్కి, ఊహూ అని మళ్ళీ కొక్కేనికి తగిలించి పక్కది అందుకుంటాడు, ఇది ఎన్నో దుకాణమో ఉరై లెక్కపెట్టడం మానేసింది, కాళ్ళు పీకుతున్నాయి, కొత్త చెప్పులు కరుస్తున్నాయి, ఈ చెప్పులూ అంతే, అద్దం వెనక ఎర్రగా మెరిసి రా రమ్మంటే వెళ్ళి కొనేసుకుంది, తన కొలత అవునో కాదో కూడా చూసుకోకుండా, బ్యాంకాక్‌లో బుధవారం చెట్ల సంతకి వచ్చేవాళ్ళంతా రబ్బరు చెప్పులతో వస్తారు, తనొక్కతే పెళ్ళికి వచ్చినదానిలా తయారై వచ్చింది, పెళ్ళి అన్న మాట తలపుకి రాగానే చెవులు వేడెక్కాయి, యాభై దాటాక చెవులు వేడెక్కడమేమిటి, ఎండ వల్ల అయుంటుంది, ఈ మనిషి మాత్రం చల్లగా ఉన్నాడు, శనివారం నుంచి పక్కనున్నది ఒక్క మాట కోసం కాచుకుని ఉందన్న ధ్యాసే లేదు.

శనివారం ఆ వాన పట్టుకోకపోయి ఉంటే తను ఆ మాట అనేదే కాదేమో, వీధికి అవతల కొట్లో ఫ్యాన్లూ రైస్ కుక్కర్లూ బాగుచేసే తవిన్ తన ఫ్యాను చూడటానికి వచ్చాడు, పని అయింది, వాన వల్ల కదల్లేక ఉండిపోయాడు, తను మిషను మీద బడిపిల్లల చొక్కాలకి పేర్లు కుడుతోంది, నీలం దారం, ఎవరో పిల్లవాడిది రైలుబండంత పేరు, సగంలో దారం తెగింది, తలెత్తి చూస్తే తవిన్ నేల మీద కూర్చుని ఫ్యాను రెక్కల మీద పేరుకున్న దుమ్ముని తన జేబురుమాలుతో తుడుస్తున్నాడు, తుడవమని ఎవరడిగారు, అది చూసి నోరు జారింది, తవిన్, మనం పెళ్ళి చేసుకుందాం అనేసింది, ఐసు ముక్కలేసి టీ ఇవ్వనా అన్నంత తేలిగ్గా, అతను రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు, ఆలోచించి చెప్తాను ఉరై అన్నాడు, ఫ్యానుని మెల్లగా, మధ్యస్తంగా, జోరుగా తిప్పి చూశాడు, వాన తగ్గకుండానే తడుస్తూ వెళ్ళిపోయాడు, అప్పట్నుంచి ఆ ఊసే లేదు, మధ్యాహ్నం నూడుల్స్ బండి దగ్గర ఎప్పటిలాగే ఎదురుగా కూర్చుంటాడు, కారం ఎక్కువైందంటాడు, కాలువలో నీళ్ళు పెరిగాయంటాడు, నిన్న మాత్రం రేపు సంతకి పోతున్నా, ఒక ఆర్కిడ్ కొనాలి, వస్తావా అన్నాడు, ఇంటి వెనక గోడ నిండా ఆర్కిడ్లే ఉన్నవాడికి ఇంకొకటి ఎందుకో, దానికి తనెందుకో, పడవలో పక్కపక్కనే కూర్చున్నారు, ఇప్పుడు చెప్తాడు, ఈ వంతెన దాటాక చెప్తాడు అనుకుంటూ వచ్చింది, రేవు వచ్చింది గానీ మాట రాలేదు.

కాదంటాడు, కాదనేముందు మనసు నొప్పించకూడదని ఊరడింపుగా సంతకి తీసుకొచ్చాడు, అంతకంటే ఏముంటుంది, అక్క కూడా ఫోన్లో అదే అంది, అసలు అక్కకి చెప్పడం ఇంకో తొందరపాటు, విని పగలబడి నవ్వింది, నీ బుద్ధి మారదే ఉరై, కంటికి మెరిసిందల్లా ఇంటికి తెచ్చుకుంటావు, మొదటివాణ్ణీ అలాగే తెచ్చుకున్నావుగా అంది, ఎంత మాట, కానీ అబద్ధమా, గుడి తిరునాళ్ళలో అందరూ గుండ్రంగా తిరుగుతూ ఆడుతుంటే వాడు పసుప్పచ్చ చొక్కా వేసుకుని చెయ్యి అలా గాల్లో విప్పాడు, అంతే, ఆ చొక్కా రంగు వెలియకముందే పెళ్ళయింది, వెలిశాక వాడు రయోంగ్‌లో పని ఉందని వెళ్ళి అక్కడే ఇంకొకామెతో ఉండిపోయాడు, తన ఆర్కిడ్ల సంగతీ అదే, పూలతో ఊగుతుంటే చాలు, పేరడగదు, ఎక్కడ పెరిగిందో అడగదు, గుండెలకి అదుముకుని తెచ్చేస్తుంది, పూలు రాలాక అవి ఒక్కటొక్కటిగా వాడి, నల్లబడి, చడీచప్పుడు లేకుండా పోతాయి, బాల్కనీలో ఖాళీ బుట్టలు వరసగా వేలాడుతున్నాయి, తీసి పారెయ్యడానికి చెయ్యి రాదు.

అబ్బ, అదిగో, చూడు దాన్ని, ఊదా రంగు వాండా ఆర్కిడ్, ఒక్కో పువ్వూ అరచేయంత, లోపల గళ్ళుగళ్ళుగా నరాలు, కిందికి జానెడు జానెడు వేళ్ళు జుట్టు విరబోసినట్టు, ఎప్పుడు చేతిలోకి తీసుకుందో తనకే తెలియదు, తవిన్, ఇది చూడు, ఇదే తీసుకో, ఇంక వెతకొద్దు అంది, గొంతులో పిల్లదాని సంబరం, తవిన్ చూశాడు, బావుంది అన్నాడు, నిజంగానే బావుందన్నట్టు అన్నాడు, ఆ తర్వాత ఆ వేళ్ళు ముట్టుకుని, దీనికి మట్టీ లేదు, పీచూ లేదు, గాల్లో బతకాలి, రోజూ పొద్దున్నే తడపాలి, పట్టించుకోకపోతే ముడుచుకుపోతుంది, వద్దులే ఉరై అని ఆమె చేతిలోంచి మెత్తగా తీసుకుని తగిలించేశాడు, మెత్తగానే, అయినా చురుక్కుమంది, గొడుగు కింద పీట మీద కూర్చున్న కొట్టామె అట్టముక్కతో విసురుకుంటూ, ఏం తమ్ముడూ, చెట్టు కొనడానికొచ్చావా, పెళ్ళిచూపులకొచ్చావా, పొద్దున్నించీ నా పిల్లలందరికీ వంకలు పెడుతున్నావు అంది, చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు, తవిన్ కూడా నవ్వాడు, ఉరైకి మాత్రం నవ్వు రాలేదు, పెళ్ళిచూపులే మరి, దీని ఆకు మీద మచ్చ, దానికి అడుగున కుళ్ళు, అది అడవి నుంచి పీక్కొచ్చింది, ఇది పూలకోసం మందు తాగింది, ఒక్కొక్కదాన్నీ పక్కన పెడుతుంటే తనని పక్కన పెట్టినట్టే ఉంది, తనకి మాత్రం మచ్చలు తక్కువా, మోకాలు కలుక్కుమంటుంది, గురక పెడుతుందని అక్క చెప్తుంది, ఒకడు వదిలేసి వెళ్ళినది, తోచిందల్లా వాగేది, ఇంత జాగ్రత్త మనిషి దేన్ని చూసి ఏరుకుంటాడు.

అయితే తనే ముందు అనేస్తుంది, శనివారం అన్నది మరిచిపో తవిన్, ఊరికే వాన చూసి ఏదో వాగాను, మనం మామూలుగానే ఉందాం, ఎదురుగా కూర్చుని నూడుల్స్ తిందాం, ఆ మాత్రం మిగిలినా చాలు, అతను కాదన్నాక ఆ బండి దగ్గర తలెత్తి కూర్చోవడం తనవల్ల కాదు, అనేస్తే అయిపోతుంది, ఇప్పుడే, ఊపిరి కూడా తీసుకుంది, శని అనే రెండక్షరాలు నాలుక మీదికి వచ్చేశాయి, సరిగ్గా అప్పుడే కొట్టామె, సరేగాని తమ్ముడూ, ఎక్కడ పెడతావో అది చెప్పు, ఎండెంత, గాలెంత, నేనే తీసిస్తా అంది, తవిన్ బుట్ట దించి, ఎవరైనా దారి అడిగితే చెప్పినంత నిదానంగా చెప్పసాగాడు, తూర్పు బాల్కనీ అక్కా, పై అంతస్తు, పొద్దున కాసేపు ఎదురు మేడ నీడ పడుతుంది, సూర్యుడు ఆ మేడ దాటాక మధ్యాహ్నం దాకా ఎండ, పైన రేకుంది, వానాకాలంలో జల్లు లోపలిదాకా కొడుతుంది, ఉరై నోరు తెరిచే ఉంది, తవిన్‌ది కింది వాటా, అతనికి బాల్కనీ లేదు, ఎదురు మేడ అంటే అతని కొట్టున్న మేడే కదా, నీళ్ళు పోసేదెవరు, నువ్వేనా అంది కొట్టామె, కాదక్కా, ఒకావిడ, ఒట్టి మతిమరుపు మనిషి, చలికాలం వచ్చిందంటే బడుల ఆటలపోటీల చొక్కాలు గుట్టలుగా వస్తాయి, మిషను ముందు కూర్చుంటే తిండే గుర్తుండదు, చెట్టెక్కడ గుర్తుంటుంది, గుర్తొచ్చిన రోజు బకెట్టుతో గుమ్మరిస్తుంది, వాటికి పాటలు కూడా పాడి వినిపిస్తుంది, కొట్టామె అట్టముక్క ఒళ్ళో పెట్టుకుని మరీ నవ్వింది, అలాంటావిడకి ప్లాస్టిక్ పువ్వులు కొనిపెట్టు తమ్ముడూ, నా పిల్లల్ని చంపించకు, తవిన్ నవ్వలేదు, లేదక్కా, ఆమె చేతిలో పూసేది ఏదో ఒకటి ఉంటుంది, అదే వెతుకుతున్నా అన్నాడు.

పాటలు, పాటలు ఎప్పుడు విన్నాడు, ఎవరూ లేరనుకుని గదా పాడుకునేది, కొట్టామె వెనక్కి వంగి గోడ వారనుంచి ఒక చెక్కముక్క లాగింది, దాని మీద పొట్టి పొట్టి కాడలు, ముడతలు పడి, ఒక్కో కాడ కొసన ఒక్కటే ఆకు, పువ్వు లేదు మొగ్గ లేదు, ఉరై తనంతట తనైతే దాని వంక రెండోసారి చూసేదే కాదు, తేనెటీగ పువ్వంటారు దీన్ని, ఇది తీసుకో తమ్ముడూ, దీనికి వానాకాలం వానే పోస్తుంది, చలికాలం మాత్రం నీళ్ళు మానేసి ఎండగట్టాలి, పాపం అని జాలిపడి నీళ్ళు పోసేవాళ్ళ ఇంట్లో ఆకులేస్తుంది గాని పుయ్యదు, మరిచిపోయేవాళ్ళ ఇంట్లో ఎండలు ముదిరేసరికి బంగారం కుమ్మరించినట్టు పూస్తుంది అంది, తవిన్ దాన్ని కూడా తిప్పి చూశాడు, కొత్త వేళ్ళ కొసలు పచ్చగా చెక్కని పట్టుకుని ఉన్నాయి, ఇంకో పక్క ఆకు ఒకటి చిరిగి ఉంది, దానికి వంక పెట్టలేదు, ఉరై చేతిలో పెట్టి, నీకు నచ్చితేనే, అన్నాడు, కళ్ళజోడు దించుకున్నాడు, చెంపల మీద చెమటో ఇంకేదో, యాభై ఆరేళ్ళ మనిషి మొహం అలా ఎర్రబడటం తను ఎప్పుడూ చూడలేదు, శనివారం నువ్వడిగినదానికి, అని మొదలుపెట్టి ఆగాడు, మాటలు ఏరుకుంటున్నాడు, ఏరుకోనీ, జీవితంలో దేనికీ ఆగలేని ఉరై, తొందరేముంది తవిన్, తీరిగ్గా చెప్పు అంది, తను అన్నదేనా ఆ మాట అని తనకే ఆశ్చర్యం, ఎందుకంటే మేడ నీడ ఎంతసేపు పడుతుందో, జల్లు ఎందాకా కొడుతుందో, ఏ నెలలో తను ఏం మరిచిపోతుందో ఒక రోజు చూస్తే తెలిసేవి కావు, ఎండలూ వానలూ ఎన్నో తిరగాలి, ఎవరో కింద కొట్లో కూర్చుని, చేతిలో పని ఆపి, తలెత్తి చూస్తూ ఉండాలి, అతనికి మోకాలి సంగతి తెలుసు, వదిలేసి వెళ్ళినవాడి సంగతి తెలుసు, ఖాళీ బుట్టలు తెలుసు, అన్నీ తిప్పి తిప్పి చూసినవాడే మళ్ళీ తలెత్తి చూశాడు, ఈ నాలుగు రోజులూ అతను ఆలోచిస్తున్నది ఒప్పుకోవాలా వద్దా అని కాదు, తన చేతిలో ఏది పూస్తుందా అని, తను అడిగింది శనివారం గానీ, అతను ఎంచుకోవడం ఎప్పుడో అయిపోయింది.