స్తంభానికి మోకాలు

ఆగ్రిజెంతోలో ఉదయం తొమ్మిదింటికి గ్రీకు గుడి స్తంభమొకటి కాలొజెరా రొట్టెల కొట్టుకొచ్చి వరసలో నిలబడుతుంది. ముందు ఇద్దరున్నారు. స్తంభం ఓపిగ్గా ఆగుతుంది. రెండున్నర వేల ఏళ్ళు నిలబడ్డదానికి ఇదొక లెక్కా?

“ఒక మోకాలు కావాలమ్మా,” అంటుంది.

ఇందులో వింతేమీ లేదు. ఒంట్లో ఏ భాగం నయమైతే ఆ ఆకారంలో రొట్టె చేయించి పునీత కాలొజెరోకి మొక్కు చెల్లించడం ఆ ఊరి ఆచారం. ముప్ఫై ఏళ్ళుగా కాలొజెరా కాల్చని చెయ్యి లేదు, కాలు లేదు.

“నీకు మోకాలెక్కడిది నాయనా?”

“అదేగా నా జబ్బు. ఒక్కసారి కూర్చోవాలనుంది.”

“నయమయ్యాక కదా మొక్కు చెల్లించేది?”

“ముందే చెల్లిస్తే ఆయన మొహమాటపడతాడు.”

కాలొజెరాకి ఆ మాట నచ్చుతుంది. పిండి తీస్తూ, “మరి అక్కడ నీ చోట ఎవరున్నారు?” అని అడుగుతుంది.

“మీ ఆయనే. గుడి కాపలా ఆయనదేగా, కాసేపు దూలం పట్టుకోమన్నాను.”

ఆమె పిండి ముద్ద వదిలేస్తుంది. భర్త జెర్లాందో ఎవరేమడిగినా కాదనలేడు. ఆ మంచితనమే ఎప్పుడూ కొంప ముంచేది. వెంటనే ఫోన్ చేస్తుంది.

“నడుం దాకా రాయైపోయానే,” అంటాడతను. “పైకి పాకుతోంది. నొప్పేం లేదు. అందుకే భయంగా ఉంది.”

చకచకా మోకాలు కాలుస్తుంది. స్తంభం దాన్ని అతికించుకుని, పిండి బస్తా మీద కూర్చుని, హాయిగా నిట్టూరుస్తుంది.

“ఇక లే, వెళ్ళు!”

“కూర్చోవడం ఇప్పుడే వచ్చిందమ్మా. లేవడం ఇంకా రాలేదు.”

దాంతో వాదన పెట్టుకుంటే పొద్దుపోతుంది. “సరే, కొట్టు చూసుకో,” అని ఆమె గుడికి పరుగెడుతుంది.

జెర్లాందో మెడ దాకా రాయి. ఆమెకి కోపం, ఏడుపు కలిసి వస్తాయి. “అడిగినవాడికల్లా ఊఁ అనడమేనా? నువ్వు బండరాయివైతే నేనెవరితో పోట్లాడేదయ్యా? జరుగు!”

నడుముకున్న గుడ్డ విప్పి, చుట్టకుదురు చేసి నెత్తిన పెట్టుకుని, దూలం కింద దూరుతుంది. బరువు సగం ఆమె మీదికి రాగానే అతని ఛాతీ మెత్తబడి చెమట పడుతుంది. అది చూసి మిగతా స్తంభాలన్నీ ఒక్కొక్కటిగా గడ్డిలో వాలిపోతాయి. గుడి పైభాగమంతా ఇద్దరి నెత్తి మీదా నిలుస్తుంది. బరువే, కానీ ఆమె పిండి బస్తాలు మోసిన మనిషి.

“ఎటు పోదాం?” అంటాడు జెర్లాందో, మెత్తబడ్డ కాళ్ళు కదిపి చూసుకుంటూ.

“పల్లానికి. దింపుకునే చోటు అదే దొరుకుతుంది.”

ఇద్దరూ అడుగులో అడుగు కలిపి తీరానికి చేరతారు. వాళ్ళని చూడగానే సముద్రం గబుక్కున లేచి నిలబడి, “పెద్దవాళ్ళు, మీరు కూర్చోండి,” అని తన చోటు ఇస్తుంది.