తువ్వాలు కింద చూపుడు వేలు

నాకు కోపం ఎక్కువంటారు. అనేవాళ్ళు ఒక్క నెల నా ఉద్యోగం చేసి చూడాలి. 2012 వేసవిలో కండ్లకోయ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో, మెదడు మీద అయస్కాంతం ఎలా పనిచేస్తుందో పరిశోధన చేసేదాన్ని. మనిషి తల మీద తీగచుట్ట ఆనించి మీట నొక్కితే టక్‌మంటుంది. ఆ అయస్కాంతపు దెబ్బకి లోపలి నరాల కణాలు ఉలిక్కిపడి వేలిని కదుపుతాయి. నొప్పి ఉండదు, షాకు ఉండదు. ఈ మాట చెప్పి మనుషులు కావాలనగానే మా గుండ్లపోచంపల్లి కాలనీలో అందరికీ ఎక్కడలేని పనులూ గుర్తొచ్చాయి. "నవ్యశ్రీ, పెళ్ళయ్యేదాకా ఇలాంటివి బయట చెప్పకే" అంది మా అమ్మ.

చివరికి వచ్చింది ఇద్దరు. శామీర్‌పేటలో మేకల వ్యాపారం చేసే కుతుబుద్దీన్, మేడ్చల్లో పెద్ద గొర్రెల మంద ఉన్న సిద్దయ్య. పాతికేళ్ళ స్నేహితులు. కాలేజీ పెట్టే బిర్యానీ కోసం వచ్చామని దాచుకోకుండా చెప్పారు.

ముందు కుతుబుద్దీన్‌ని కుర్చీలో కూర్చోబెట్టి వేలి కదలిక తెర మీద గీతగా కనపడేలా కుడిచేతికి తీగలు అతికించాను. పన్నెండింటికి కరెంటు కోత, ఆలోపు పని అయిపోవాలి. ఏసీ చల్లదనానికి చెయ్యి బిగుసుకుంటే రీడింగు పాడవుతుందని, ఆయన భుజం మీది తువ్వాలు తీసి ఆ చేతి మీద నేనే కప్పాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

నేను కృష్ణా జిల్లాదాన్ని, ఇక్కడి సంతలో బేరం ఎలా ఆడతారో నాకేం తెలుసు? ధర నోటితో పలకరట. తువ్వాలు కప్పి, దాని కింద చేతులు కలిపి, వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. నచ్చితే అమ్మేవాడు చూపుడు వేలితో కొనేవాడి అరచేతిలో ఒక్క పోటు పొడుస్తాడు. అంతే, బేరం ఖాయం. ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా మార్చడానికి లేదు.

నేను వెనక నిలబడి తలకి తీగచుట్ట ఆనించి, కళ్ళు తెర మీద పెట్టాను. పక్క స్టూలు మీద కూర్చున్న సిద్దయ్య చెయ్యి తువ్వాలు కిందికి ఎప్పుడు దూరిందో చూడనేలేదు.

టక్. కాసేపాగి మళ్ళీ టక్. పది దెబ్బలకీ తెర మీద గీత తిన్నగానే ఉంది. పదకొండో దెబ్బకి గీత ఎగిరింది, దాంతోపాటు సిద్దయ్య కూడా ఎగిరాడు.

"కుదిరింది! నవాబు నాదే!"

"అరే, నేను పొడ్వలే! మిషన్ పొడిసింది!" అని కుతుబుద్దీన్ అరిచాడు.

"వేలు ఎవనిది భాయ్? నాదా?"

నవాబు అంటే పొట్టేలు. సిద్దయ్య తన మందకి విత్తనపు పొట్టేలుగా దాన్ని ఏడాదినుంచి అడుగుతున్నాడు. కుతుబుద్దీన్ భార్య సఫూరా దాన్ని, తల్లి చచ్చిపోతే, సీసాతో పాలు పట్టి పెంచుకుంది. ఆమెకి అది ప్రాణం.

"ఇస్తే ఇంట్ల బువ్వ లేదు, ఇయ్యకుంటే సంతల ఇజ్జత్ లేదు. ఇగ నా చెయ్యి ఎవడు వట్టుకుంటడు మేడమ్?" అని కుతుబుద్దీన్ అక్కడే కూలబడ్డాడు. బిర్యానీ కూడా ముట్టలేదు. సిద్దయ్య మాత్రం తిన్నాడు.

మర్నాడు పొద్దున్నే వాచ్‌మన్ ఫోన్ చేసి, పొట్టేలుకి విజిటర్ పాస్ రాయాలా అని అడిగాడు. సఫూరా ముందు, తాడు చివర నవాబు, వెనక తలలు దించుకుని మగాళ్ళిద్దరూ లోపలికి వచ్చారు. నవాబు నా కుర్చీని ఒకసారి కుమ్మి చూసి, నచ్చక, బల్ల కింద పడుకుంది.

"మేడమ్, నా నవాబును అమ్మింది నా మొగడా, నీ మిషనా? గదొక్కటి జెప్పు" అంది సఫూరా. "మిషన్ అమ్మిందంటే, మిషన్ కడుపుల పుట్టిన పొట్టేలును తోల్కపొమ్మను."

నేను కంప్యూటర్లో నిన్నటి గీతలు తెరిచాను. కుతుబుద్దీన్ మీద జాలేసింది, ఎలాగైనా గట్టెక్కించాలనుకున్నాను.

"ఇదిగో, ఇది మిషను దెబ్బ. దీని తర్వాత రెప్ప వేసేంతసేపైనా కాకముందే వేలు కదిలింది. ఏ మనిషీ అంత త్వరగా నిర్ణయం తీసుకోలేడు. కదిపింది మిషనే."

సిద్దయ్య తెర వైపు చూసి నిట్టూర్చాడు. "మిషన్ మాట మాట గాదు. బేరం లేదు తియ్యి. సంతల గూడ నేనే జెప్త, భాయ్ తప్పేం లేదని."

"యా అల్లా!" అన్నాడు కుతుబుద్దీన్. ఆయన మొహంలోకి అప్పుడు నెత్తురొచ్చింది. అక్కడితో అందరూ ఇంటికి పోవాలి. సఫూరా కదల్లేదు. తెర మీద పైనున్న గీతల్ని వేలితో చూపించింది.

"గివేంది, సప్పగున్నయి?"

"ముందు కొట్టిన దెబ్బలమ్మా."

"గప్పుడెందుకు కదల్లే? మెల్లగ కొట్టినవా?"

"లేదు, అన్నీ ఒకే బలం."

వెనకనుంచి కుతుబుద్దీన్ ఊరుకోమని కళ్ళతో బతిమాలుతున్నాడు. కానీ నా జబ్బు నాది. సరైన ప్రశ్న అడిగితే ఆగలేను. మూడేళ్ళలో మా కాలేజీలో ఒక్కరు అడగని ప్రశ్న ఆమె నిలబడి అడుగుతోంది!

"వేలు ఊరికే ఉంటే కదలనంత చిన్నదిగా ఆ దెబ్బ పెట్టాను. కానీ కదుపుదామని మనిషి మనసులో అనుకుంటూ ఉంటే, ఆ నరాల కణాలు అప్పటికే సగం లేచి కూర్చుంటాయి. అప్పుడు అదే చిన్న దెబ్బ సరిపోతుంది." చెప్పేశాక నాలిక కరుచుకున్నాను. ఒక్కోసారి ఏమీ అనుకోకపోయినా కదలొచ్చని కూడా అన్నాను గానీ అది ఎవరూ వినలేదు.

సఫూరా భర్త వైపు తిరిగింది. "అంటే, పొడ్వాల్నని దిల్‌ల అనుకున్నవు."

కుతుబుద్దీన్ నేల చూపులు చూశాడు. "అనుకున్న."

"ఎందుకు?"

"పొద్దుగాల లేస్తే నవాబు తిన్నదా, నవాబు తాగిందా. నన్నడిగినవా ఎన్నడన్న? మొన్న మూడొద్దులు జరమొచ్చి పండుకుంటే, నువ్వు దానికి సర్ది అయిందని పశువుల డాక్టర్ను దోల్కొచ్చినవు. గా డాక్టర్ నన్ను జూసి, 'భాయ్‌కు గూడ బాగ లేనట్టుంది' అన్నడు. నువ్వు అనలే."

నాకు ముందు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. సిద్దయ్య ఫ్యాను రెక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"గీ ముచ్చట నోటితోని జెప్పేటందుకు ఏమైంది నీకు?" అంది సఫూరా. గట్టిగానే అంది గానీ కళ్ళు తడిగా ఉన్నాయి. "నెత్తి మీద మిషన్ వెడితేగాని బయటికి రాదా?"

తాడు తీసి సిద్దయ్య చేతిలో పెట్టింది. "సిద్దన్నా, వారం దినాలు నీ మందల ఉంచుకో. అమ్ముడు గాదు, యాదుంచుకో. గీ మనిషికి జరం తగ్గిందో లేదో జూసుకోవాలె."

భర్త నుదుటి మీద అరచెయ్యి ఆనించి అలాగే నిలబడింది. ఆ జ్వరం తగ్గి పది రోజులైందని, నిన్న తీగలు అతికించేముందు ఆరోగ్యం వివరాల ఫారంలో నేనే రాసుకున్నాను. కుతుబుద్దీన్ ఆ మాట చెప్పకుండా కళ్ళు మూసుకున్నాడు. జీవితంలో మొదటిసారి నేను కూడా నోరు మూసుకున్నాను.