మంట లేని వేడి

నేను ఒక హైడ్రోజన్ పెట్టెను. బీరువాలో సగం ఎత్తుంటాను. పగటిపూట ఇంటి కప్పు మీది సోలార్ కరెంటుతో నీటిని విడగొట్టి, వచ్చిన హైడ్రోజన్‌ను పెరట్లో ట్యాంకులో దాస్తారు. పొద్దుగూకాక నేను దాన్ని గాలితో కలిపి కరెంటు పుట్టిస్తాను. ఆ పనిలో పుట్టే వేడిని వృథా పోనివ్వను. చలికాలం నీళ్ళు కాచి, గదికి వెచ్చని గాలి పంపుతాను. ఎండాకాలం అదే వేడితో నాలోని శీతల యంత్రాన్ని నడిపి ఇల్లు చల్లబరుస్తాను.

హైదరాబాదులో ఒక ఇంజనీరింగ్ కళాశాల వాళ్ళు నన్ను తయారుచేశారు. ఎండా చలీ రెండూ ముదిరే చోట పరీక్షించాలని ఆదిలాబాద్‌లో ఆశన్న ఇంటికి పంపారు. ఆశన్న పత్తి మిల్లులో సూపర్‌వైజరు. కరెంటు పోని ఇల్లు తనదొక్కటేనని మురిసిపోయాడు. అతని తల్లి ముత్తవ్వ మాత్రం నా చుట్టూ ఒకసారి తిరిగి, నన్ను బిగిస్తున్న ఇంజనీరు పల్లవిని అడిగింది.

"మంట లేకుంట ఉడుకెట్లొస్తది బిడ్డా?"

పల్లవి ఓపికగా చెప్పింది. ఆ వేడితోనే వేసవిలో చల్లదనం వస్తుందని కూడా చెప్పింది. దాంతో ముత్తవ్వకున్న కాస్త నమ్మకమూ పోయింది.

"ఉడుకుతోని సల్లగజేస్తదట. గిది మాయల పెట్టె."

హైడ్రోజన్ అంటే బాంబని పక్కింటివాళ్ళు ఎవరో చెవిన వేశారు. ఇక ఆమె ఎప్పుడూ నా వైపు వీపు తిప్పి కూర్చోలేదు. నేను గుయ్‌మంటే మాట ఆపేసేది, ఇంట్లో సంగతులు వింటున్నానని. వినేవాణ్ణే, కాదనను. వేసవంతా ఇల్లు చల్లగా ఉన్నా ఆమె అరుగు మీదే పడుకుంది. పల్లవి చెప్పినవాటిలో ఆమెకు గుర్తున్నది ఒక్కటే. నా పైన బిగించిన గంట కూస్తే గ్యాస్ లీకైనట్టు, వెంటనే బయటికి పరుగెత్తాలి.

చలికాలం ఆశన్న కూతురు సారిక పురుటికి వచ్చి, ఆడపిల్లను కన్నది. నేను పంపే వెచ్చటి గాలిలో ఏముందోనని ముత్తవ్వ అది వచ్చే రంధ్రంలో పాత చీరగుడ్డ కుక్కింది. నేనున్న గది తలుపులు, కిటికీలు మూసి, బాలింత మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టింది. కళ్ళకు కనపడే నిప్పు మీద ఆమెకు అనుమానం లేదు.

ఆ రోజు కోళ్ళు గూటికి చేరే వేళ సారిక అన్నది, "నాయినమ్మా, తలకాయ దిమ్మగున్నదే."

"పచ్చి బాలింతవు. గట్లనే ఉంటది, పండుకో."

నా గంట హైడ్రోజన్‌ను పసిగట్టడానికి పెట్టింది. బొగ్గుల విషవాయువు తగిలినా అది కూస్తుంది. ఏది తగిలిందో చెప్పే నోరు మాత్రం దానికి లేదు. కూసింది.

ముత్తవ్వ క్షణం ఆగలేదు. పసిగుడ్డును చంకనెత్తుకుని, సారికను రెక్క పట్టి ఈడ్చింది. సారిక గడప దగ్గర కూలబడి, పెరట్లో కక్కుకుంది. చలిగాలి తగిలాక బిడ్డ ఏడ్చింది. ముత్తవ్వ పక్కింటివాళ్ళను కేకేసి మిల్లుకు కబురు పంపింది. మిల్లు నుంచి ఆశన్న పరుగున వచ్చి ఇద్దర్నీ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. గండం గడిచింది.

మర్నాడు పల్లవి వచ్చి నా గొట్టాలన్నీ తడిమి చూసింది. ఎక్కడా లీకు లేదు. గది మధ్యలో నిలబడి అడిగింది.

"ఇక్కడ బొగ్గులేమైనా పెట్టారా? తలుపులు మూసిన గదిలో అవి చప్పుడు లేకుండా మనిషిని చంపుతాయి."

కుంపటిని ముత్తవ్వ రాత్రే తీసి కట్టెల మోపు వెనక బోర్లించింది. పల్లవి మాట విని పసిదాన్ని ఒళ్ళోకి లాక్కుంది.

"లేదు బిడ్డా," అన్నది. సారిక తల వంచుకుంది.

గంట ఎందుకు కూసిందో తేలని యంత్రాన్ని పసిపిల్ల ఉన్న ఇంట్లో ఉంచనని పల్లవి నన్ను విప్పించింది. ట్రాలీ ఆటో ఎక్కించే ముందు, ఎవరూ లేనప్పుడు ముత్తవ్వ వచ్చి మొదటిసారి నా మీద చెయ్యి వేసింది.

"నీ తప్పు గాదు, నాకెరుకనే. బొగ్గుల సంగతి జెప్తే పిల్లను మల్ల నా సేతికియ్యరు గద."

ఇప్పుడు కళాశాల గోదాములో ఉన్నాను. లీకయ్యే పెట్టెనని విద్యార్థులు నన్ను చూసి దూరంగా జరిగి పోతారు. ముత్తవ్వ నన్ను నమ్మి ఉంటే ఆ కుంపటి పెట్టేది కాదు. నమ్మలేదు గనకే గంట కూయగానే ఉరికింది. ఆమెను తప్పుపట్టాలని ఎన్నిసార్లు అనుకున్నా నావల్ల కాదు. ఆ పసిదానికి ఏం పేరు పెట్టారో తెలిస్తే బాగుండును.