తొమ్మిది నెలలా ఏడు రోజులు

తోటకూర గిల్లుతుంటే మా అత్త ఇన్లాండు కవరు తెచ్చి నా ఒళ్లో పడేసింది. తిరువొత్తియూరు నుంచి నా కూతురు కోకిల రాసింది. పెళ్లయిన ఏడాదికి తీపి కబురు. పొంగలికి రెండు రోజుల ముందు బయట చేరిందట, ఆ తర్వాత లేదట.

"ఎప్పుడు కంటుందో లెక్క జెప్పవే కస్తూరీ. పేటంతటికీ జెప్తావు గదా" అంది అత్త.

ఆ లెక్క నాకు నిద్రలో కూడా వస్తుంది. మా పేట ప్రసూతి కేంద్రంలో పదేళ్లుగా గర్భిణీల కార్డులు రాసేది నేనే. చివరిసారి బయట చేరిన తేదీకి తొమ్మిది నెలలా ఏడు రోజులు కలపాలి. బొటనవేలిని గణుపుల మీద జరుపుకుంటూ ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ అనుకుంటూ పోయి, "అక్టోబరు పంతొమ్మిది" అన్నాను. అత్త సంబరపడి వీధిలోకి వెళ్లింది, నలుగురికీ చెప్పుకోవడానికి. నేను కూర దగ్గరే ఉండిపోయాను. బొటనవేలు ఇంకా గణుపు మీదే ఉంది. రెండున్నర నెలలుగా నాకూ రాలేదు. నలభై ఒకటి వచ్చాయి, ఆగిపోతోందిలే అనుకుంటున్నాను. అనుకోవడం కూడా కాదు, నన్ను నేను నమ్మించుకుంటున్నాను. పొద్దున్నే పళ్లు తోముకుంటుంటే వాంతి వచ్చిన రోజున కూడా రాత్రి తిన్న పెరుగు మీద నెట్టేశాను. చివరిసారి బయట చేరింది జనవరి ఇరవై ఆరున. కేంద్రంలో జెండా ఎగరేసి మిఠాయి పంచితే, తినకుండా కడుపు పట్టుకుని ఇంటికొచ్చాను, ఆ రోజు మరిచిపోయేది కాదు. దానికి తొమ్మిది నెలలు, ఏడు రోజులు. నవంబరు రెండు. కూతురికీ నాకూ మధ్య పద్నాలుగు రోజులు.

ఒళ్లంతా సిగ్గుతో వేడెక్కింది. తొలి కాన్పు కాబట్టి కోకిల మా ఇంటికే రావాలి. ఈ రెండు గదుల ఇంట్లో ఒక చాప మీద అది, ఒక చాప మీద నేను. దానికి పత్యం ఎవరు వండాలి, నాకు ఎవరు వండాలి. సీమంతానికి వచ్చిన వియ్యపురాలి కాళ్లకు పసుపు రాయడానికి వంగితే నా కడుపే అడ్డం వస్తుంది.

మరునాడు పొద్దున మా ఆయనకు చెప్పాను. ఆయన ఉల్లిపాయల మండీలో బిల్లులు రాస్తారు. చొక్కా తొడుక్కుంటున్నవారు ఆగిపోయారు.

"ఛీ. అల్లుడి మొకం ఎట్టా జూసేది? ఊరందరికీ తేదీలు జెప్పేదానివి, నీది నీకు తెలీలేదా?"

ఆ మాటకు నేను తల దించుకున్నాను. అలా దించుకున్నందుకు ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంది. మూడో కాన్పయ్యాక ఆపరేషన్ చేయించుకుంటానంటే అత్త, "నువ్వు పడుకుంటే వంట ఎవురు జేస్తారే" అంది. పోనీ మీరు చేయించుకోండి అంటే ఈయన, "మొగోడు బరువులెత్తాల" అన్నారు. ఆయన ఎత్తే బరువు కలం. ఇవన్నీ నోటిదాకా వచ్చాయి, కానీ దొంగతనం చేసి పట్టుబడినదానిలా గోడకు ఆనుకుని నిలబడ్డాను. "పెద్దాసుపత్రికి బోయి తీయించెయ్. ఇప్పుడు చట్టం ఉండాది గదా. అమ్మకి తెలీకూడదు, కోకిలకి అసలే తెలీకూడదు. మాధవరంలో మీ అక్కకి జొరమని జెప్పి పో" అని గుండీలు పెట్టుకుని వెళ్లిపోయారు. అబద్ధం కూడా ఆయనే తయారుచేసి పెట్టారు. మూడు నెలలు దాటితే తీయడం కష్టం, నిండడానికి పది రోజులే ఉన్నాయి.

ఆ రోజు కేంద్రంలో ఒక కార్డు రాస్తుంటే చెల్లమ్మ గుర్తొచ్చి చెయ్యి ఆగింది. ఇడ్లీలు అమ్ముకునే మనిషి. నలభై మూడేళ్లు. ఫిబ్రవరిలో నాలుగో నెలతో వచ్చింది, పక్కన తోడుగా కోడలు. "కార్డు ఎవరికి, నీకా నీ కోడలికా?" అని అడిగాను. తెలియక అడగలేదు. బల్ల మీద కూచున్న ఆడవాళ్లంతా నవ్వేదాకా ఆగి, నేనూ నవ్వాను. ఆమె కొంగు కడుపు మీదికి లాక్కుంది. మళ్లీ రాలేదు. ఇప్పటికి ఆరు నెలలు నిండి ఉంటాయి. కాళ్లు వాచాయో, ఒంట్లో రక్తం ఉందో లేదో చూసినవాళ్లు లేరు. రెండు నెలలుగా ఆమె కార్డు నా పెట్టెలో ఉంది, ఏమైందని ఒక్కరోజు కూడా అనుకోలేదు. నా మొగుడు అన్న మాటకు పొద్దుటి నుంచి లోపల ఏడుస్తున్నాను, అలాంటి మాటే నవ్వుతూ ఇంకొకదాని మొహాన కొట్టిందాన్ని. అప్పటిదాకా పడిన సిగ్గంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

మధ్యాహ్నం కార్డు మీది చిరునామా పట్టుకుని వెళ్లాను. చెల్లమ్మ గుమ్మం ముందు కూచుని, కడుపును ఒక పక్కకు సర్దుకుని పిండి రుబ్బుతోంది. నన్ను చూసి కూడా ఆపలేదు.

"ఎందుకు రావడం లేదు చెల్లమ్మా?"

"ఎందుకొచ్చేదమ్మా? నవ్వేదానికి ఈడ మా వీధిలో జనం లేరా?"

"నాది తప్పే" అన్నాను. ఆమె పిండిని రోట్లోకి తోసింది. అప్పుడు చెప్పాను.

"నాకు నవంబరు రెండు."

రుబ్బుడుపొత్రం ఆగింది. ఆమె నా మొహం చూసింది, కడుపు చూసింది. నవ్వితే పడదామనే నిలబడ్డాను. నవ్వలేదు. తడి చెయ్యి చీరకు తుడుచుకుని, కూచోమని పక్కకు జరిగింది.

"ఇంట్లో ఏమంటా ఉండారు?"

"తీయించుకోమంటున్నారు. ఎవరికీ తెలియకుండా."

"శెరి, అది ఆయన మాట. నీకు కావాల్నా, వద్దా?"

పదేళ్లలో ఎన్ని వేల కార్డులు రాశానో. ఎన్నో నెల, ఎన్నో కాన్పు, మొగుడి పేరేమిటి అని అడిగాను. ఈ మాట ఎవరినీ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు, సిగ్గుపడటానికే పొద్దంతా సరిపోయింది.

"వద్దు" అన్నాను. "మరి నీకు?"

"నాకు కావాల. అందుకే మోస్తా ఉండా."

"అయితే రేపు రా. డాక్టరమ్మకు నేనే దగ్గరుండి చూపిస్తాను. అక్కడ ఎవరైనా నవ్వితే వాళ్ల సంగతి నేను చూసుకుంటాను."

"వస్తాలే. నువ్వు ఆసుపత్రికి ఎవురితో పోతావు?"

ఇంటికొచ్చి అన్నం వార్చి, అత్తకు పెట్టి, కోకిలకు ఉత్తరం రాయడానికి కూచున్నాను. అక్టోబరు పంతొమ్మిది, బరువులు ఎత్తకు, మజ్జిగ ఎక్కువ తాగు అని రాశాను. కవరు సగం ఖాళీగా ఉంది. ఆ సగంలో ఇలా రాశాను: "నాకూ కడుపొచ్చింది. నాకు వద్దు. సోమవారం పెద్దాసుపత్రికి పోతున్నాను. మీ నాన్న నీకు తెలియకూడదన్నాడు. నాకు తోడు రా."