దొర స్కాలర్‌షిప్పు, మా ఆదివారాలు

ఆదివారం నాడు ద్రాక్షతోటలో కత్తెర చప్పుడు వినపడకూడదు. వారమంతా వంగిన నడుముకి ఆ ఒక్కరోజే తెరిపి. అలాంటిది ఆ జనవరిలో, పక్కమనిషి కూడా కనపడని పొగమంచులో చర్చికి నడిచిపోతున్న నాకు క్రాడక్ దొర తోటలోంచి టక్కు టక్కుమని కత్తెర చప్పుడు వినపడింది. ఎవడో దొంగ తీగలు కోసుకుపోతున్నాడనుకున్నాను. కంచె పట్టుకుని తొంగిచూశాను. దొంగ కాదు, ఫిదేన్సియో. ఆ పొడుగాటి వరసలో ఒక్కడే ఉన్నాడు. చేతితొడుగులు తడిసి ముద్దయ్యాయి. దగ్గుతూ కోస్తున్నాడు.

ఫిదేన్సియో మా ఊరివాడే. మెక్సికోలో, మిష్తెకా కొండల్లో, ఆయన ఇల్లూ మా ఇల్లూ ఒకే వాగుకి అటూ ఇటూ ఉండేవి. ఇప్పుడు ఈ కాలిఫోర్నియా లోయలో ఒకే ముఠాలో కత్తిరింపుకి పోతున్నాం. ఆయన కూతురు అరాసెలికి బాప్తిస్మంలో నేను జ్ఞానతల్లిని, మా మాటలో మద్రీనాని. అంచేత ఆయన నాకు కొంపాద్రె, నేను ఆయనకి కొమాద్రె. అన్నాచెల్లెళ్ళ కంటే ఎక్కువే అనుకోండి.

"ఆదివారం కూడా కూలి ఇస్తున్నాడా కొంపాద్రే, దొర?" అనడిగాను.

"కూలి కాదు కొమాద్రే. గెసా తీర్చుకుంటున్నా" అన్నాడు, కత్తెర ఆపకుండా.

నా ఒళ్ళు మండిపోయింది. గెసా అంటే మాకు చిన్నమాట కాదు. నీ కొడుకు పెళ్ళికి నేను మొక్కజొన్నలు మోసుకొస్తే, నా కొడుకు పెళ్ళికి నువ్వు మోసుకొస్తావు. నీ కప్పు నేను వేస్తే, నా చేను నువ్వు దున్నుతావు. రాసుకోవడం లేదు, మరిచిపోవడమూ లేదు. గెసా ఎగ్గొట్టినవాడి గుమ్మం ముందు మేము తల తిప్పుకుని పోతాం. ఆ మాట పట్టుకుని ఈ మంచితనపు మనిషి, వారమంతా దొరకి కూలిచేసి, ఏడో రోజు ఉత్తపుణ్యానికి చేస్తున్నాడు.

దొర ఇచ్చింది ఏమిటంటే, అరాసెలికి చదువు.

ఆ పిల్ల పదహారేళ్ళప్పుడు సరిహద్దు దాటి తండ్రి దగ్గరికి వచ్చింది. బడిలో లెక్కలంటే దానికి నవ్వులాట. నర్సు కావాలని పట్టుబట్టింది. రాష్ట్రం ఇచ్చే సాయానికి ఇక్కడి బళ్ళో మూడేళ్ళు చదివి ఉండాలి, దానికి నిండలేదు. కేంద్రం ఇచ్చేది కాగితాలున్నవాళ్ళకే. ఇక మిగిలినవి బయటివాళ్ళు ఇచ్చే స్కాలర్‌షిప్పులు. ఆ చలికాలమంతా లాండ్రీ షాపులో మా బట్టలు తిరుగుతున్నంతసేపూ అది ఫోనులో వెతికేది. పేరు, మార్కులు, నీ జీవితం గురించి ఒక వ్యాసం, అన్నీ ఓపిగ్గా నింపేది. చివర్లో ఈ దేశం తన మనుషులకిచ్చే తొమ్మిదంకెల నంబరు అడిగే గడి వచ్చేది. మాకెవరికీ లేని నంబరు అది. కొన్నిటిలో ఆ గడి ఉండదు, అమ్మానాన్నల పన్ను కాగితాలు కావాలంటారు. కొన్ని అందరూ అర్హులే అంటాయి, తీరా నువ్వే గెలిచావు అన్నాక గుర్తింపు కార్డు తెమ్మంటాయి. అలా నోటిదాకా వచ్చి పోయిన రోజు ఆ పిల్ల తడిబట్టల బుట్ట మీద తల పెట్టుకుని ఏడ్చింది.

అప్పుడే దొర ప్యాకింగ్ షెడ్డు గోడకి ఒక ప్రకటన అంటించారు. మా తోటల్లో పనిచేసేవాళ్ళ బిడ్డలైతే చాలు, వలస కాగితాలతో పనిలేదు అని. ఫిదేన్సియోకి చదవడం రాదు. కూతురు చదివి చెబితే టోపీ తీసి ఆ గోడ ముందే నిలబడ్డాడు. జూన్‌లో అది అరాసెలికి వచ్చింది, గెలిచినవాళ్ళందరికీ విందు జరిగింది. దొర అరాసెలి భుజం మీద చెయ్యి వేసి ఫొటో దిగాడు. ఆగస్టులో పిల్ల ఫ్రెస్నో కాలేజీలో చేరింది.

ద్రాక్ష కోతలు ముగిసి ఆకు రాలే వేళకి మేస్త్రీ రొహెలియో ఫిదేన్సియో ఇంటికొచ్చాడట. రొహెలియోది కూడా మా కొండల పక్కే. గెసా సంగతి దొరకేం తెలుసు? రొహెలియోకి తెలుసు. దొర నీ బిడ్డకింత చేశాడు, ఆదివారం కాస్త చెయ్యి సాయం చేస్తే బాగుంటుంది కదా అన్నాడట. అంతే. ఆ ఒక్క మాట సరిపోయింది.

విచారిస్తే స్కాలర్‌షిప్పు తీసుకున్న ఇళ్ళన్నీ అదే వరస. తలా ఒక మూల తోటలో, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, తలకాయ దించుకుని కోస్తున్నారు. పిల్లలకి ఈ సంగతి తెలియదు. నేను ఊరుకునే రకం కాదు. సెలవులకి ఇంటికొచ్చిన అరాసెలితో ఆ సాయంత్రమే చెప్పేశాను. అది ముందు నా మొహంలోకి చూసింది, తర్వాత తన చేతుల్లోకి చూసుకుంది.

మరుసటి వారం చర్చి హాలులో మీటింగు పెట్టాం. అరాసెలి కాలేజీలో కాగితాలు లేని పిల్లల సంఘం ఒకటి ఉంది. దాని నాయకుడు ఎఫ్రేన్ అనే కుర్రాడు, కళ్ళద్దాలు, పెద్ద గొంతు. ఇది కూలి దొంగతనం, చట్టం ప్రకారం కేసు పెట్టొచ్చు, మీరంతా దోపిడీకి గురవుతున్నారు అని చాలాసేపు మాట్లాడాడు. మాట ప్రతిదీ నిజమే. కానీ తండ్రుల మొహాలు గట్టిపడిపోయాయి. ఫిదేన్సియో లేచాడు.

"బాబూ, నన్నెవడూ దోచుకోలేదు. నేను మాట నిలబెట్టుకునేవాణ్ణి. బాకీ తీర్చనివాడి బిడ్డ అని నా కూతుర్ని అనిపించను" అన్నాడు.

వెనక నుంచి పెద్దవాళ్ళు అవునవునన్నారు. నేను ఉండబట్టలేక, మన ఊళ్ళో గెసా ఇచ్చినవాడు మన ఇంటి చావుకీ వస్తాడు, మన కట్టెలు కొడతాడు, దొర ఎప్పుడైనా నీ గుమ్మం తొక్కాడా అనడిగాను. రమ్మంటే వస్తాడేమో, మనం పిలిచామా అన్నాడు ఫిదేన్సియో. ఆ మనిషి మంచితనానికి నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు.

అరాసెలి చివర్లో మాట్లాడింది.

"నాన్నా, కాగితాలు అడగం అన్నారు కదా. కాగితాలున్నవాళ్ళు దానికి రారు. వాళ్ళకి వేరేవి బోలెడున్నాయి. దానికి పోయిందల్లా లేనివాళ్ళమే. ఒక్క ప్రశ్న అడక్కుండానే మన పేర్లన్నీ దొర చేతికి చేరాయి."

అడగకుండా ఇచ్చేవాళ్ళందరూ ఇలాంటివాళ్ళు కారని కూడా ఆ పిల్లే అంది. ఎఫ్రేన్‌కి టీచర్ల సంఘం ఒకటి ఇస్తోంది, వాళ్ళు ఈనాటి వరకు ఏ పనికీ రమ్మనలేదు. అలాంటివి వెతుకుదాం, కలిసి వెతుకుదాం, దొరది మాత్రం వద్దు అంది. కానీ కొత్త టర్ము ఫీజు ఈ నెలలోనే కట్టాలి, కట్టకపోతే సీటు పోతుంది. ఆ సంగతి అందరికీ తెలుసు. ఏమీ తేలకుండానే లేచిపోయాం. ఆ ఆదివారం ఫిదేన్సియో మళ్ళీ కత్తెర పట్టుకుని వెళ్ళాడు.

తర్వాత ఊరి నుంచి ఆయన తల్లి పోయిందని కబురొచ్చింది.

వెళ్ళడానికి లేదు. వెళితే తిరిగి రావడం ఉండదు. ఫోనులో ఊరివాళ్ళు గోతిని చూపించారు. ఈ లోయలో మాలో చాలామంది తల్లిదండ్రులని అలాగే సాగనంపాం, ఇంక దాని గురించి ఎక్కువ చెప్పలేను. మరునాడు ఫిదేన్సియో ఉతికిన చొక్కా వేసుకుని దొర ఆఫీసుకి వెళ్ళాడు. సెలవు అడగడానికి కాదు. పిలవడానికి. మా అమ్మ పోయింది, తొమ్మిది రోజులు ఇంట్లో ప్రార్థన, తొమ్మిదోనాడు శిలువ ఎత్తుతాం, దొరగారు రావాలి అని చెప్పొచ్చాడు. గెసా ఉన్న ఇంటికి అలా కబురు పెట్టకపోతే అవమానం మరి. రోజూ సాయంత్రం ఇక్కడున్న మావాళ్ళంతా వచ్చారు. ఒకరు పంచదార, ఒకరు కొవ్వొత్తులు, ఒకరు బీన్సు తెచ్చారు. ఆయన భార్య ప్రతిరోజూ ఒక పళ్ళెం దొర కోసం తీసి పక్కన పెట్టేది. వంట సద్దేటప్పుడు దాన్ని మళ్ళీ గిన్నెలో పోసేది.

తొమ్మిదోరోజు ఆదివారం. పెరట్లో ఆడవాళ్ళం మొక్కజొన్న పిండితో తమాలెలు ఉడికిస్తున్నాం. లోపల నేల మీద సున్నంతో, పూలతో శిలువ వేసి ఉంది. దాన్ని పోగుచేసి ఎత్తితేనే పోయినవాళ్ళని సాగనంపినట్టు. రొహెలియో పికప్ వచ్చి గుమ్మం ముందు ఆగింది. ఇంజిను ఆపకుండానే హారన్ కొట్టాడు.

ఫిదేన్సియో బయటికొచ్చాడు. "రా దోన్ రొహెలియో, లోపలికొచ్చి కాఫీ తాగు. ఇవాళ మా అమ్మ శిలువ ఎత్తే రోజు."

"అక్కడ పోయిన ముసలామెకి ఇక్కడ నువ్వు చేసేదేముంది? వరసలు ఆగిపోయాయి. రా, బండెక్కు. సాయంత్రం వచ్చి ఎత్తుకుందువులే."

"ఆఫీసులో కబురు చెప్పాను. దొరకి చేరలేదా?"

రొహెలియో నవ్వాడు. "మీ అమ్మ చస్తే దొరకెందుకయ్యా?"

ఫిదేన్సియో మొహంలో ఏదో విరిగిపోవడం నేను కళ్ళారా చూశాను. ఆ ఇంజిను మోత భరించలేక నేను వెళ్ళి కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పి బండి ఆపేశాను. చావింటి ముందు ఇంత మోతేమిటి మరి.

ఆ నిశ్శబ్దంలో ఫిదేన్సియో గొంతు పెంచకుండానే అన్నాడు. "గెసా పెట్టినవాడు నా తల్లి చావుకి కట్టెలు కొడతాడు. నువ్వు నన్ను ఆవిడ శిలువ దగ్గర్నుంచి లేపుకుపోవడానికి వచ్చావ్. ఇది గెసా కాదు. ఇది వెట్టి. ఇన్నాళ్ళూ నాకు తెలియలేదు. ఇక నేను రాను."

రొహెలియో గొంతు తగ్గించాడు. కానీ మేమంతా విన్నాం. "నీ కూతురు మరే స్కాలర్‌షిప్పుకీ పోకుండా దీనికే ఎందుకొచ్చిందో ఆఫీసులో అందరికీ తెలుసు. నువ్వు ఎలా వచ్చావో కూడా తెలుసు. నేను చెప్పడం ఎందుకు, ఆలోచించుకో."

అప్పుడు పొయ్యి దగ్గరున్న ఒక తండ్రి లేచి, ఫిదేన్సియో పక్కన నిలబడి, నేనూ రాను అన్నాడు. ఇంకొకరు లేచారు. ఆ పెరట్లో ఆదివారం వెట్టి చేసే మగవాళ్ళందరూ లేచారు. రొహెలియో తాళం తిప్పుకుని వెళ్ళిపోయాడు. మేము శిలువ ఎత్తాం.

బుధవారం పొద్దున పనికి పోయే దారిలో ఫిదేన్సియోని వలస పోలీసులు పట్టుకుపోయారు. గుర్తులు లేని కార్లు, మొహాలకి ముసుగులు. ముఠా అంతా చూస్తుండగా పేరు పెట్టి పిలిచి మరీ తీసుకుపోయారు. ఎవరు చెప్పారని అడిగే పనే లేదు. అదే రోజు అరాసెలికి స్కాలర్‌షిప్పు ఆపేశామని ఉత్తరం వచ్చింది.

అందరి గుండెలూ జారిపోయాయి, అబద్ధమెందుకు. నా గుండె కూడా. రెండు రోజులు తలుపులు వేసుకునే ఉన్నాం. ఆదివారం వస్తోందంటే భయం. ఒంటరిగా ఉంటే ఎవరి కాళ్ళు వాళ్ళని తోటకి లాక్కుపోతాయని నాకు తెలుసు. అందుకే ఇల్లిల్లూ తిరిగి చెప్పాను, ఆ రోజు పొద్దున్నించీ అందరం చర్చి హాలులోనే కూర్చుందామని. పిల్లలతో, గిన్నెలతో, దుప్పట్లతో సహా వచ్చారు. మిగిలిన స్కాలర్‌షిప్పు పిల్లలూ వాళ్ళ వాళ్ళ కాలేజీల నుంచి బస్సుల్లో దిగారు.

మధ్యాహ్నం వాదన మొదలైంది. ఆదివారం మానేశాం సరే, రేపు సోమవారం సంగతేమిటి? ఫిదేన్సియోని అప్పగించినవాడి తోటలోకి రేపు మళ్ళీ కత్తెర పట్టుకుని పోవడమేనా? పోకపోతే పిల్లలు తినేదేమిటి అని ఒకరు. మొగ్గ పగిలేలోగా కత్తిరింపు అవ్వకపోతే దొరకి పంట లేదు, ఇప్పుడు కాకపోతే ఎప్పుడు అని ఒకరు. మనల్ని కూడా పట్టుకుపోతే అని ఇంకొకరు. ఒకరి మీద ఒకరు అరుచుకున్నారు.

అరాసెలి లేచింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. తాను చదువు మానేస్తానంది. రేపే దొర దగ్గరికి వెళ్ళి కాళ్ళు పట్టుకుంటే నాన్న కోసం ఒక మాట చెబుతాడేమోనంది. "నా చదువు కోసమే కదా ఇదంతా. నా వల్ల ఇంకెవరూ పోవద్దు."

దాన్ని కూర్చోపెట్టింది నేను కాదు, దొర డబ్బుతో చదివే మిగతా పిల్లలే. ఒకరి డబ్బు ఆపితే మా అందరిదీ వద్దని దొరకి రాసి సంతకాలు పెట్టి తెచ్చారు. వాళ్ళ తల్లులకి ఈ సంగతి తెలియదు. ఒక తల్లి గట్టిగా ఏడ్చింది. కానీ చింపెయ్యమని ఎవరూ అనలేదు. ఎఫ్రేన్ ఈసారి చట్టం మాట ఎత్తలేదు. ప్రతి శనివారం లాండ్రీ షాపులో కూర్చుని ఆ గడి లేని స్కాలర్‌షిప్పులు అందరం అందరి కోసం వెతుకుదాం, ఎవరిస్తున్నారు, బదులు ఏం కావాలంటారు అని ముందే అడుగుదాం అన్నాడు. ఈ టర్ము ఫీజుకి ఇల్లిల్లూ తలా ఇంత వేస్తామన్నారు. చాలుతుందో లేదో ఎవరికీ తెలియదు. నేను ఎలా తీర్చను మద్రీనా అని అరాసెలి నా చెవిలో అడిగింది. నర్సువయ్యాక వెనకొచ్చే పిల్లకి ఇయ్యి, మాకు కాదు అన్నాను.

సోమవారం మాట మాత్రం తేలలేదు. చేతులెత్తమంటే సగం లేచాయి, సగం లేవలేదు.

అప్పుడు అరాసెలి ఫోను మోగింది. నిర్బంధ కేంద్రం నుంచి. అది స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచింది. ముందు దగ్గు వినపడింది. మాకందరికీ తెలిసిన దగ్గు.

"అమ్మా, తిన్నావా?"

"తిన్నాను నాన్నా. నువ్వు?"

"పెట్టారు." మళ్ళీ దగ్గాడు. "ఇవాళ ఆదివారం కదా. ఎవరైనా వెళ్ళారా?"

హాలులో వెనకనుంచి ఎవరో, లేదు ఫిదేన్సియో, ఎవరమూ వెళ్ళలేదు అన్నారు. ఆయన ఉలిక్కిపడ్డట్టున్నాడు. ఎంతమంది ఉన్నారక్కడ అనడిగాడు. అందరం ఉన్నాం అని చెప్పాను.

"అయితే కొమాద్రే, రేపు కూడా వెళ్ళకండి."

లైను కట్టయింది. ఈసారి చేతులెత్తమని ఎవరూ అడగలేదు. సోమవారం తెల్లారేసరికి క్రాడక్ దొర తోటల్లో ఒక్క కత్తెర చప్పుడు కూడా లేదు. మేమంతా గేటు బయట, రోడ్డు మీద నిలబడి ఉన్నాం.