మూతకు అరగంట

ఐదున్నరకి కుక్కర్ మీట తిప్పాలంటే ఐదింటికే ఉల్లిపాయలు తరగాలి. ఆమె ఒక కన్ను తెరిచి, రెండోదాన్ని ఇంకాసేపు నిద్రకే వదిలేసి తరుగుతోంది. పింగాణీ గిన్నె అడుగున బంగాళాదుంపలు, వాటి మీద క్యారెట్లు, అన్నిటికీ పైన మాంసం. గట్టి ముక్కలు కిందనే ఉండాలి. నీళ్లు ఒక గ్లాసుకి మించకూడదు. ఈ కుక్కర్లో ఆవిరి బయటికి పోదు, మూతకి తగిలి మళ్లీ లోపలికే దిగుతుంది. మొదట్లో ఈ సంగతి తెలియక ఇంటిల్లిపాదీ వారం రోజులు నీళ్లకూర తిన్నారు.

మూత పెట్టి మీటని సన్నసెగ వైపు తిప్పింది. చిన్న ఎర్రదీపం వెలిగింది. కరెంటు మీద గంటల తరబడి ఉడికించే ఈ స్లో కుక్కర్ పని చేస్తోందో లేదో చూసేవాళ్లకి ఓ పట్టాన తెలియదు. ఆ విషయంలో అదీ ఆమే ఒకటే.

ఆమె ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతుంది. పదిహేడేళ్లుగా అదే పని కాబట్టి అక్కడ అందరూ మడతక్క అంటారు. ఒకసారి సూపర్‌వైజర్‌కి ఆమె అసలు పేరు కావలసివచ్చి హాజరు పుస్తకంలో వెతుక్కున్నాడు. ఆమె నొచ్చుకోలేదు. నొచ్చుకుందేమో కూడా, చెప్పలేదు.

లోపలి గదిలోంచి అత్తగారి దగ్గు వినిపించింది. దాని వెనకే గొంతు.

“ఆ నిద్రమొద్దుని లేపావా అమ్మాయ్?”

“లేపానత్తయ్యా.”

“లేచినట్టు లేదే. చప్పుడేదీ?”

“అది అంతే కదండీ. చప్పుడు చెయ్యదు.”

“చప్పుడు చెయ్యని వంట ఏం వంట, నా మొహం!”

రోజూ జరిగే సంభాషణే ఇది. అత్తగారు ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్లో ముప్పై ఎనిమిదేళ్లు వండారు. పూటకి మూడువందల మందికి. పొయ్యిల వైపు వీపు పెట్టి కూరలు తరుగుతూనే, ఉడుకు చప్పుడు విని, ఏ గిన్నె దించాలో చెప్పేవారట. అలాంటి మనిషి ఈ మధ్య పొయ్యి వెలిగించిన సంగతే మరచిపోవడం మొదలుపెట్టారు. మొదటిసారి గిన్నె మాడింది. రెండోసారి తువ్వాలు అంటుకుని గోడంతా నల్లబడింది. పక్కింటావిడ పొగ చూసి పరిగెత్తుకు రాబట్టి సరిపోయింది.

ఆ కబురు విని వదిన వచ్చింది. అత్తగారి పెద్దకూతురు. చెడ్డ మనిషి కాదు, హడలిపోయే మనిషి. “తమ్ముడేమో లారీతో వారానికి నాలుగు రోజులు రోడ్డు మీదే ఉంటాడు. నువ్వేమో లాండ్రీలో. పగలంతా అమ్మ ఒక్కతీ ఈ ఇంట్లో ఏం చేసుకుంటుందో ఎవరు చూడొచ్చారు? ఇంకోసారి ఇలా అయితే నేను ఊరుకోను” అంది. పోయిన నెల మళ్లీ వస్తే, తల్లి ఆమెని పక్కింటావిడ అనుకుని మంచినీళ్లిచ్చి, మీ అమ్మాయి బాగుందా అని అడిగింది. ఆ దెబ్బతో వదిన వృద్ధాశ్రమాల చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఒకచోట గది ఖాళీ అయిందట. రేపటికల్లా ఔననో కాదనో చెప్పాలట. కాగితాలు తీసుకుని ఇవాళ సాయంత్రం ఐదింటికి భోజనానికి వస్తోంది. తల్లి కుదురుగా ఉంటే సరే, లేకపోతే సంతకాలే.

మడతక్క బయల్దేరేముందు గ్యాస్ పొయ్యి మీటలు రెండూ ఊడదీసి సంచిలో వేసుకుంది. తువ్వాలు అంటుకున్న నాటినుంచీ ఆ మీటలు ఆమెతోపాటే ఉద్యోగానికి వెళ్లి వస్తున్నాయి.

“సాయంత్రం వదిన వస్తారత్తయ్యా. గుర్తుంది కదా?”

“నా కూతురొస్తుందని నాకు నువ్వు చెప్పాలా?” అన్నారు అత్తగారు. చెప్పులు వేసుకునేలోపు మళ్లీ, “ఎవరొస్తున్నారన్నావూ?” అని అడిగారు. ఆమె మళ్లీ చెప్పింది, మొదటిసారి చెబుతున్నట్టే.

లాండ్రీలో పెద్ద రోలర్ మిషన్లోంచి దుప్పట్లు పొగలు కక్కుతూ వస్తాయి. అటొకరు ఇటొకరు నిలబడి అంచులు పట్టుకోవాలి. ఒకసారి దులపాలి, సగానికి మడవాలి, ఎదురెదురుగా నడిచి అంచులు కలపాలి. రోజుకి నాలుగువందల సార్లు అలా ఎదురొచ్చే మనిషితో స్నేహం కుదరకపోతే ఉద్యోగం నరకమే. మడతక్కకి ఆ అదృష్టం ఉంది. ఎదురు నిలబడే జోడీ నోటికి తాళం లేదు కానీ మనసు మంచిది.

“ఇవాళేగా మీ వదినొచ్చేది? కూర ఏం చేస్తున్నావ్?”

“కుక్కర్లో పెట్టి వచ్చా.”

“ఎన్నింటికి లేచావేంటి?”

“ఐదింటికి.”

“నీకు పిచ్చే. కొక్కేల మూత ఉన్నది తెచ్చుకుని ఉంటే తెల్లారేదాకా హాయిగా పడుకునేదానివి.”

ఈ కొక్కేల కథ లాండ్రీలో అందరికీ తెలిసిందే. కుక్కర్ కొన్న రోజు దుకాణదారు మూడు రకాలు ముందు పెట్టాడు. ఒకటి ఎనిమిది మందికి సరిపోయేది. ఒకటి అంకెలూ గంటలూ ఉండి, చదువుకున్నవాళ్లకి తప్ప అర్థంకానిది. మూడోది చిన్నది, ఒకే మీట, గాజు మూత. నిదానమే ప్రధానం అని పెద్దలు ఊరికే అన్నారా అంటూ అతను ఊదరగొడుతుంటే ఆమె ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

“ఎవరైనా దాని సంగతి మరచిపోతే?”

“ఏముందమ్మా, మంట లేదు, మాడేది లేదు.”

ఆ మాటకే చిన్నది కొనేసింది. కానీ మొదటి వారమంతా సాయంత్రానికి బంగాళాదుంపలు పళ్ల కింద కరకరలాడాయి. కుక్కర్ చెడిపోయిందని మోసుకెళ్లింది. అతను పరీక్షించి, నిక్షేపంలా ఉందన్నాడు. సెలవురోజు ఇంట్లో ఉండి చూస్తే అసలు రహస్యం బయటపడింది. అత్తగారు వంటగదిలో కుర్చీ వేసుకుని దానికి కాపలా కూర్చున్నారు. గంటకోసారి మూత తీసి, చెవి ఒగ్గి విని, వాసన చూసి, ఒక తిప్పు కలిపి మూత పెడుతున్నారు. రోజుకి ఏడుసార్లు. ఈ సంగతి చెబితే దుకాణదారు నెత్తి కొట్టుకున్నాడు. మూత తీసిన ప్రతిసారీ అరగంట వేడి పోతుందన్నాడు. కొక్కేలతో బిగించే మూత ఉన్నదానితో మార్చి ఇస్తాననీ, పెద్దావిడ వేళ్లకి అది రానే రాదనీ చెప్పాడు. మడతక్క ఆ కొక్కేలని రెండుసార్లు తీసి, రెండుసార్లు పెట్టి చూసింది. పాతదాన్నే చంకన పెట్టుకుని ఇంటికొచ్చింది.

“ఇంతకీ ఎందుకు మార్చుకోలేదే?” అని జోడీ ఇవాళ మళ్లీ అడిగింది.

“పొయ్యి ఎలాగూ లాగేసుకున్నాం,” అంది మడతక్క. “మూత కూడానా?”



కూరకి ఎనిమిది గంటలు, ఏడు మూతలకి మూడున్నర గంటలు. అందుకే ఐదున్నరకి మొదలవ్వాలి. ఈ లెక్క ఆమె అత్తగారికి ఎప్పుడూ చెప్పలేదు. రోజూ సాయంత్రం అత్తగారు మొదటి ముద్ద తిని, “చూశావా, నేను దగ్గరుండి కలపబట్టి ఉడికింది” అనేవారు. “అవునండీ” అనేది ఈమె. అత్తలేని కోడలు ఉత్తమురాలని సామెత. అత్త ఉండగా ఉత్తమురాలైన కోడలిని చూడాలంటే ఈ మనిషినే చూడాలి. పొగడ్త అనుకుంటే అనుకోండి, ఇలాంటివాళ్లని పొగడటానికి మనకి మళ్లీ మళ్లీ అవకాశం రాదు.

మూడింటికి పని దిగి, బస్సు పట్టుకుని, నాలుగు కాకముందే తమ భవనం మెట్లెక్కుతోంది. రెండో అంతస్తు దగ్గర కాలు ఆగింది. కూర వాసన. ఈ వేళప్పుడు రోజూ వచ్చేది పచ్చి ఉల్లిపాయ ఇంకా వదలని వాసన. ఇది పూర్తిగా ఉడికి, ఎప్పుడో ఉడికిపోయి ఇంకా ఉడుకుతున్న మాంసం వాసన. ఆమె మెట్ల కమ్మీ పట్టుకుని ఒక నిమిషం నిలబడింది. తర్వాత మిగిలిన మెట్లు పరిగెత్తింది.

అత్తగారు వంటగదిలో తన కుర్చీలోనే ఉన్నారు. తల గోడకి ఆనించి, చేతులు ఒళ్లో పెట్టుకుని. కునుకు తీస్తున్నట్టే ఉంది కానీ చెయ్యి చల్లగా ఉంది.

“అత్తయ్యా,” అంది ఒకసారి. రెండోసారి అనలేదు.

పక్కింటావిడ వచ్చింది. పొద్దున ఎనిమిదింటికి తలుపు తట్టి పలకరించాననీ, బాగానే మాట్లాడారనీ, “నాకు పనుంది, తర్వాత రా” అని పంపేశారనీ చెప్పి కళ్లు తుడుచుకుంది. వీధి చివర ఉండే డాక్టర్ వచ్చి, ఉదయమే గుండె ఆగిపోయిందనీ, పెద్దగా బాధపడి ఉండరనీ చెప్పాడు. భర్తకి ఫోన్ చేస్తే సరుకు అక్కడే వదిలేసి బయల్దేరతానన్నాడు, చేరేసరికి తెల్లవారుతుంది. ఆ తర్వాతే మడతక్కకి కుక్కర్ గుర్తొచ్చింది. మీట కట్టేసి, మూత తీసి, గరిటె పెట్టింది. మాంసం గరిటె తగలగానే విడిపోయింది. క్యారెట్లకి రూపం లేదు. మూడు నెలల్లో ఆ గిన్నెలో అంత మెత్తగా ఏదీ ఉడకలేదు. ఏడుసార్లలో ఒక్కసారీ ఎవరూ మూత తియ్యలేదు. అప్పుడు ఏడ్చింది, గరిటె చేతిలో ఉండగానే, గట్టిగా.

వదిన సరిగ్గా ఐదింటికి వచ్చింది. కాగితాల సంచి గుమ్మంలోనే జారిపోయింది. తల్లి కాళ్ల దగ్గర కూలబడి, “నన్ను చూస్తే గుర్తుపట్టేదో లేదో, అదైనా తెలియకుండా పోయిందే అమ్మాయ్” అని చాలాసేపు ఏడ్చింది. మడతక్క ఆమె వీపు నిమురుతూ కూర్చుంది.

కాసేపటికి వదిన ముందుగదిలోకి వెళ్లింది, ఎవరికో ఫోన్ చెయ్యాలని. ఫోన్ చెయ్యలేదు. భోజనాల బల్ల ముందు నిలబడిపోయి అక్కణ్నుంచే పిలిచింది.

“ఇవి నువ్వు పెట్టి వెళ్లావా?”

మడతక్క వచ్చి చూసింది. ఇందాక వంటగదిలోకి పరిగెత్తిన తొందరలో బల్ల వైపు చూడనే లేదు.

“లేదు వదినా. నేను వెళ్లేటప్పటికి బల్ల ఖాళీగా ఉంది. ఇంట్లో అత్తయ్య తప్ప ఎవరూ లేరు.”

వదిన కుర్చీ పట్టుకుని నెమ్మదిగా కూర్చుంది. “చిన్నప్పుడు అమ్మ ఏం వండినా ఉప్పు చాల్లేదని పేచీ పెట్టేదాన్ని,” అంది. “పక్కన విడిగా ఉప్పు ఇంకెవరికీ పెట్టేది కాదు. నా ఒక్కదానికే.”

బల్ల మీద మూడు కంచాలు బోర్లించి ఉన్నాయి. కిటికీ వైపున్న కంచం పక్కన మాత్రం ఒక చిన్న గిన్నె ఉంది, నిండా ఉప్పు, పైన వేలితో చదును చేసిన గుర్తుతో.