నేలగదిలో జాగారం

లివర్‌పూల్‌లో మా గది వీధికంటే కిందికి ఉంటుంది. కిటికీలోంచి చూస్తే బూట్లు తప్ప ఎవరి మొహమూ కనిపించదు. గోడల చెమ్మకి మా పాప సిస్సీని పట్టిన దగ్గు ఈ చలికాలమంతా వదల్లేదు.

అలాంటి గదిలో కూర్చోవచ్చు, బట్టలుతుక్కోవచ్చు, నిద్ర మాత్రం పోకూడదని చట్టం. పడుకుంటున్నట్టు తేలితే గది మూసేస్తారు. మూసేస్తే ఎక్కడికి పోతాం? అందుకే తెల్లారగానే పరుపు చుట్టి బట్టల తొట్టి వెనక దాచేవాళ్లం. ఆరోగ్యశాఖ హెస్కెత్ దొర వచ్చినప్పుడల్లా అత్తా నేనూ, "ఇది ఉతుకుడు గదండీ, పడుకునేది పైన నాన్ అక్కావాళ్లింట్లో" అని ఒట్టేసేవాళ్లం. నాన్ అక్క వంత పాడేది.

ఈ యేడు కథ మారింది. మూసేసిన గదులవాళ్లకి కార్పొరేషన్ కొత్త ఇళ్లిస్తోంది, వెలుతురొచ్చే కిటికీలున్నవి. నేను హెస్కెత్ దగ్గరికి పరిగెత్తుకెళ్లి, మేం పడుకునేది ఈ నేలగదిలోనేనని ఒప్పుకున్నాను. దిష్టి తగులుతుందని ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

హెస్కెత్ నవ్వాడు. "ఇల్లనగానే నిద్ర ముంచుకొచ్చిందా, డీలియా? చెప్పకుండా వస్తాను. పడుకుని కనిపిస్తే మూసేస్తాను."

ఆ రోజునుంచి పరుపు తీయడం మానేశాం. ఆయన మాత్రం రాలేదు. ఈలోగా అత్త రొమ్ము పట్టేసి పోయింది.

మా ఐరిష్‌వాళ్లలో శవం ఇంట్లో ఉండగా కన్ను మూయకూడదు. పరుపు పైకి పంపేసి, అత్తని బల్లమీద పడుకోబెట్టి, ఆవిడ తిట్లు తలుచుకుని నవ్వుకుంటూ, ఏడ్చుకుంటూ తెల్లార్లూ కూర్చున్నాం. కొవ్వొత్తులు ఇంకా ఆర్పకముందే హెస్కెత్ మెట్లు దిగాడు.

టోపీ తీసి, "రాత్రి ఇక్కడెవరు పడుకున్నారు?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా నాన్ అక్క అందుకుంది. "పడుకోవడమా? ఎంత మాటన్నారు బాబూ. ఒక్కరు కన్ను మూస్తే ఒట్టు. ఆ పసిదానితో సహా."

"ఇంత శ్రద్ధగా జాగారం ఈ వీధిలో ఇంకెవరింట్లోనూ జరగలేదండీ," అన్నాడు వాళ్లాయన, గర్వంగా.

నేను అడ్డుపడ్డాను. "నిన్నొక్కరాత్రే పడుకోలేదు దొరా. రోజూ ఇక్కడే పడుకుంటాం. ఇక్కడ పడుకునే ఆవిడ పోయింది."

"మతి పోయిందా నీకు, గది ఊడుతుందే," అంటూ నాన్ అక్క నన్ను గిల్లింది.

"ఇన్నేళ్లూ ఇక్కడ పడుకోం అన్నారు. ఇవాళ వీళ్లంతా పడుకోలేదంటున్నారు," అన్నాడు హెస్కెత్. "నేను కళ్లారా చూడాలి కదమ్మా." బల్లవైపు చూసి తల దించుకున్నాడు. "ఆమెని లెక్కలోకి తీసుకోలేను. మళ్లీ చలికాలానికి వస్తాను."

అత్తని పాతిపెట్టి వచ్చి పరుపు గది మధ్యలో పరిచాను. తలుపు బార్లా తెరిచి, కిటికీ గుడ్డ పీకేశాను. సిస్సీని పక్కలో వేసుకుని పట్టపగలే పడుకున్నాను.

"చలేస్తోందమ్మా."

"కళ్లు మూసుకో తల్లీ. ఎవరైనా చూడాలి మనం పడుకోవడం."

దగ్గు దాన్ని కళ్లు మూసుకోనివ్వలేదు. కిటికీ అవతల బూట్లు పోతూనే ఉన్నాయి.